జంపక్క మంచానికి చోటు

మంగయ్యకు ఖాళీ జాగా అంటే కిట్టదు. ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో ఆయన చేసిన పనే అది మరి. బొగ్గు తీసేశాక బోలుగా మిగిలిన చోట్లలో, పైనుంచి గొట్టాల్లో దిగే ఇసుకా నీళ్లూ నింపడం. జానెడు సందు వదిలినా కప్పు కూలుతుంది, కింద మనుషులుంటారు. రిటైరై టేకులపల్లిలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ గుణం పోలేదు. అలమరలో సందు కనిపిస్తే పాత పేపర్లు కుక్కేవాడు. భార్య జంపక్క నవ్వేది.

ఆ నవ్వులు రెండేళ్ల కిందటి మాట. పక్షవాతం వచ్చి ఆమె ఎడమ పక్క పడిపోయింది. అప్పటినుంచి వెనక గదే ఆమె లోకం. ఆ గది వెనక పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు పెరడు ఉంది. ఇరుపక్కలా మేడలు లేచాక ఎండ మధ్యాహ్నం ఓ అరగంట తొంగి చూసి పోతుంది. నాచు పట్టిన బండలు, విరిగిన కుర్చీ, తుప్పు డ్రమ్ము తప్ప అక్కడేమీ లేదు.

ఆమె అడిగింది ఒక్కటే. "ఒక్కపారన్న నన్ను బయట పండుకోబెట్టరాదయ్యా. మొగులు చూడక ఎన్ని దినాలైంది!"

"గా చెత్తల పండుకుంటవా? ఆగు, మంచిగ చేస్త," అన్నాడు మంగయ్య.

అన్నట్టే మాఘం చివర మొదలుపెట్టాడు. ముందే కనబడితే ముచ్చట పోతుందని తలుపుకు పాత చీర అడ్డం కట్టాడు. గడ్డపారతో బండలు లేపాడు. అడవి అంచు నుంచి ఆకు కుళ్లిన నల్లమట్టి బస్తాలతో మోసుకొచ్చాడు. నీడలో బతికే మొక్కలేవని అడిగి అడిగి వైరాలో ఓ నర్సరీవాడి ప్రాణం తోడేశాడు. గోడకు తమలపాకు తీగ పాకించాడు. దాని కింద కనకాంబరాలు, మూలల్లో వాగు ఒడ్డున దొరికిన ఫెర్న్, మధ్యలో రంగురంగుల క్రోటన్లు. నడవడానికి అడుగున్నర దారి. మొక్కకూ మొక్కకూ మధ్య సందు కనబడితే ఆయనకు మనసొప్పదు కాబట్టి అక్కడ ఇంకో మొక్క. నిజం చెప్పాలంటే బాగా చేశాడు. నలభై రోజుల్లో ఆ పాడు జాగా కళ్లకు చల్లగా తయారైంది.

ఉగాది ముందురోజు పొద్దున్నే తలుపుకు కట్టిన చీర తీసేసి, జంపక్కను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుని, "మంచిగున్నది," అంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మంచం ఏడ వేస్తవయ్యా?"

మంగయ్య తోటంతా కలయజూశాడు, అడుగున్నర దారి తప్ప జాగా లేదు. ఏం మనిషండీ! ఎవరి కోసం చేశాడో ఆమెకు తప్ప అన్నిటికీ చోటు చూశాడు.

"ఇప్పుడే పీకేస్త," అంటూ పార అందుకున్నాడు.

"వద్దొద్దు. ఇప్పుడిప్పుడే వేరు పడుతున్నయి, ఎండల పీకితే సస్తయి. వానలు పడ్డంక జరుపుదువు. నేనేడికి పోత?"

ఆయన పార కింద పెట్టాడు. ఆమె వద్దన్నందుకు లోలోపల సంతోషించాడు కూడా. నలభై రోజుల కష్టం కదా. ఆ సంతోషాన్ని మాత్రం నేను క్షమించలేను.

ఎండాకాలమంతా జంపక్క మంచం మీద నుంచే తోటను చూసింది. పడుకుంటే ఆమెకు కనబడేవి ఆకులూ, వాటి వెనక గోడా. ఆమె అడిగిన ఆకాశం కనబడదు. "వానలెప్పుడు పడుతయి?" అని రోజూ అడిగేది. "అయిపోయింది, ఇంకెన్ని దినాలు," అని రోజూ చెప్పేవాడు. మే నెల ఆఖరివారంలో ఒక పొద్దున టీ పట్టుకొచ్చి లేపితే ఆమె లేవలేదు.

ముందు గడప దిగితే రోడ్డే. చివరి స్నానం పెరట్లోనే పోయించాలి. పక్కింటి శోభారాణి నీళ్లు కాచి, తోటలోకి తొంగి చూసింది.

"అన్నా, మంచం పట్టేటట్టు లేదు. జర ఈ చెట్లు..."

మంగయ్య తోటలోకి దిగి, కనకాంబరాలను గుప్పిళ్లతో పీకాడు. క్రోటన్లను వేళ్లతో సహా పెళ్లగించి గోడవారకు విసిరాడు. మట్టిని కాళ్లతో తొక్కి చదును చేశాడు. ఇరుగుపొరుగువాళ్లు నలుగురు మంచాన్ని తెచ్చి అక్కడ వేశారు. చుట్టూ ఆడవాళ్లు నిలబడేందుకు కూడా చోటు చాలింది.

మట్టి చేతులతో ఆయన శోభారాణి వైపు తిరిగాడు.

"పావుగంట పట్టలేదమ్మా," అన్నాడు. "పావుగంట పని." అక్కడే కూలబడి ఏడ్చాడు.