యాదమ్మ చూపిన జిలేబీ చేప

ఈ ఉదయం అత్తాపూర్‌లో చేపలు కొంటుంటే, తొట్టిలోని జిలేబీ చేప ఒకటి తోక కొట్టి నా ముఖాన నీళ్ళు చిందించింది. ఆ నాచు వాసనకు యాదమ్మ గుర్తొచ్చింది. 2011లో శంషాబాద్‌లోని ఓ జూనియర్ కళాశాలలో నేను కొత్తగా జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో ఆమె మా ల్యాబ్ అటెండరు. సాతంరాయిలో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. కోస్తా నుంచి వచ్చిన నాకు పట్టా అందుకున్న గర్వం ఇంకా తలకెక్కే ఉంది.

ఒకరోజు ప్రాక్టికల్స్ కోసం ఆమె బకెట్‌లో బతికున్న జిలేబీలు తెచ్చింది. ఫార్మలిన్ సీసాలో వేయడానికి ఒకదాన్ని పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగున్రి మేడం, దాని నోట్ల పిల్లలున్నయి. దవడ ఎట్ల ఉబ్బిందో చూడున్రి."

విద్యార్థులు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "సీసాలు కడిగే పని చూడండి యాదమ్మా, పాఠం నేను చెబుతాను" అన్నాను.

ఆమె ఆ చేపను వేరే బకెట్‌లోకి మార్చి, కిటికీ దగ్గర పెట్టి, పక్కనే నిలబడింది. పీరియడ్ ముగిసేలోపు "ఇగ చూడున్రి" అని పిలిచింది. తల్లి చుట్టూ డజన్లకొద్దీ పిల్లలు, కళ్ళు తప్ప ఏమీ లేనంత చిన్నవి, ఈదుతున్నాయి. నేను వంగాను. నా నీడ పడగానే తల్లి నోరు తెరిచింది. పిల్లలన్నీ ఒక్కసారిగా లోపలికి దూరిపోయాయి. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

"ఇవి నోట్ల ఉన్నన్ని దినాలు తల్లి మేత ముట్టది" అంది యాదమ్మ మెల్లగా.

ఆ సాయంత్రం చేపను వదలడానికి ఆమె వెంట చెరువుకు వెళ్ళాను. ఒడ్డు దగ్గర తేటనీళ్ళ అడుగున పళ్ళేల్లాంటి గుంటలు చూపించింది. మగ చేపలు నోటితో మన్ను తీసి చేసుకున్న గూళ్ళట. ఆడది అక్కడ గుడ్లు పెట్టి, వెంటనే నోట్లోకి తీసుకుంటుందట. "క్షమించండి" అన్నాను. దిగుతున్న విమానం చప్పుడులో అది వినబడలేదు. మళ్ళీ గట్టిగా అనవలసి వచ్చింది.

"గదేంది మేడం, గంత మాట! మీ పుస్తకంల దీని గురించి ఏం రాసిన్రు? జర చదువున్రి."

సంచిలోంచి తీసి చదివాను. నాలుగు వాక్యాలు.

"గంతేనా?" అని పకపకా నవ్వింది.

ఆమె పదవీ విరమణ దాకా చేపల పాఠం ఇద్దరం కలిసి చెప్పాం. ఆమె చెబుతుంటే నేను బోర్డు మీద రాసేదాన్ని.

మొన్న ఇప్పటి కళాశాలలో ఒక అమ్మాయి లేచి, తొండ గుడ్ల గురించి నేను చెప్పింది తప్పంది. "మా చేన్ల నేను చూసిన మేడం." నా ముఖం వేడెక్కింది, అబద్ధమెందుకు. కానీ చాక్‌పీస్ ఆమె చేతికిచ్చి, వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను.