పిడికెడు బియ్యం టీవీ

నతానియేలుకు ముక్కు మీద కోపం, నాలుక మీద గొప్పలు. ఆ రెండూ లేకపోతే మనిషి బంగారమని ఊళ్ళో అంటారు. ఆ రెండూ తీసేస్తే ఇంక ఆయనలో మిగిలేది ఎంతని నా అనుమానం.

ఒకప్పుడు, టీవీ వెనకాల బస్తాడు బుర్ర ఉండే రోజుల్లో, నాగాయలంకలో ఆయనదే రిపేరు కొట్టు. ఆదివారం పూట బొమ్మ పోయిందంటే అన్నం ముందు నుంచి లేపి తీసుకెళ్ళేవాళ్ళు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని ఆయన కేకేస్తే, కింద ఇంటిల్లిపాదీ "వచ్చింది, వచ్చింది!" అని అరిచేవాళ్ళు. ఆ అరుపులు విని విని ఆయనకు కళ్ళు నెత్తికెక్కాయి. తర్వాత గోడకు తగిలించే పల్చటి టీవీలొచ్చాయి, కొట్టు మూతపడింది. ఇప్పుడు రొయ్యల చెరువుల మోటార్లకు వైండింగ్ చేసుకుంటున్నాడు. పల్చటి టీవీని ఇంతవరకూ ఒక్కదాన్నీ విప్పి చూడలేదు. ఆ సంగతి భార్య ధనమ్మకు తప్ప ఎవరికీ తెలీదు. ఊరికి మాత్రం ఆయన ఇప్పటికీ టీవీ నతానియేలే.

అందుకే చర్చి సంఘానికి టీవీ కొనాలనుకోగానే అందరి చూపూ ఆయన మీద పడింది. ఆ టీవీ పాటల కోసం. ముసలమ్మలకు పాటల పుస్తకంలో అక్షరాలు కనపడవు. పల్లవి గట్టిగా పాడి, చరణాల దగ్గరకొచ్చేసరికి ఊరికే పెదాలు కదుపుతూ ఉంటారు. అదే పాట పెద్ద పెద్ద అక్షరాలతో గోడ మీద కనపడితే వాళ్ళూ పాడతారు కదా అని స్త్రీల సమాజానికి తోచింది. డబ్బూ స్త్రీలదే. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెడతారు. ఆదివారం గుడికి తెచ్చి, గుమ్మంలో ధనమ్మ పట్టుకుని నిలబడే బుట్టలో పోస్తారు. ఆ బియ్యం అమ్మగా అమ్మగా కూడిన సొమ్ము అది. ఎసట్లోకి చాలీచాలని రోజున కూడా ఆ పిడికెడు తీయడం మానని ఇళ్ళు అందులో చాలా ఉన్నాయి.

"తెలిసినవాడు నతానియేలు. డబ్బు ఆడవాళ్ళది గనక వాళ్ళ తరఫున ధనమ్మ కూడా వెళ్ళాలి. ఇద్దరూ బందరు వెళ్ళి చూసి రండి. పాతికవేలు మాత్రం దాటకూడదు" అన్నారు పాస్టరు సుందరరాజు గారు.

ఇంకేం! నతానియేలు ఫోన్లో వీడియోలు చూసి హెచ్‌డీ రెడీ, ఫుల్ హెచ్‌డీ, రిఫ్రెష్ రేటు అని నాలుగు ముక్కలు బట్టీ పట్టాడు. బస్సులో అవనిగడ్డ దాటేదాకా పక్కనున్న ధనమ్మకు అవే అప్పజెప్పాడు. పాపం, ఆవిడ అన్నిటికీ తలూపింది.

బందరు షాపులో షోయబ్ అనే కుర్రాడు వీళ్ళకు రెండు టీవీలు చూపించాడు. "రెండూ ఫుల్ హెచ్‌డీయేనండీ, రెండూ మీ బడ్జెట్లోవే. ఇది నలభై మూడు ఇంచీలు. అది ఒక సైజు చిన్నదిగానీ ప్యానెల్, అదే తెర, మంచిదండీ. ఎక్కడ పెడతారు, ఇంట్లోనా?"

"చర్చిలో."

"జనం ఎటు కూర్చుంటారండీ? టీవీకి ఎదురుగానా, పక్కలకా?"

"అవన్నీ నాకు తెలుసులే బాబూ. టీవీలు చేసిన చేయి ఇది" అన్నాడు నతానియేలు, అడిగినదానికి జవాబు చెప్పకుండా. ఆయన కళ్ళు అప్పటికే పెద్ద టీవీకి అతుక్కుపోయాయి. అంత అట్టపెట్టె చర్చి ముందు దిగుతుంటే ఊరంతా ఎలా చూస్తుందో కూడా కనపడుతోంది. దానికి సూటిగా ఎదురుగా నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, రిఫ్రెష్ రేటెంతని అడిగాడు. షోయబ్ ఏదో అంకె చెప్పాడు. అది ఎక్కువో తక్కువో తెలీక నతానియేలు గంభీరంగా "ఊఁ" అన్నాడు.

ధనమ్మకు మోకాళ్ళ నొప్పులు. నిలబడలేక ఆ పక్కగా గోడ వారన నేల మీద కూలబడి, అక్కణ్ణించి తలెత్తి టీవీ వైపు చూసింది.

"ఏవండీ, ఇక్కణ్ణించి అక్షరాలు కనపట్టంలేదు. బొమ్మంతా తెల్లగా పాలిపోయినట్టుంది. ఆ చిన్నది బానే కనపడుతోందండీ."

"అమ్మగారు చెప్పింది కరెక్టేనండీ, ఈ మోడలు పక్కల నుంచి చూస్తే..." అని షోయబ్ అందుకోబోయాడు.

నతానియేలుకు తల కొట్టేసినట్టయింది. తనంతవాడు నిలబడి ఉండగా ఈవిడ చెప్పేదేంటి, దానికి వీడు వంత పాడేదేంటి!

"నోర్ముయ్! టీవీ గురించి నీకేం తెలుసే? పిడికెట్లో బియ్యం పట్టుకొచ్చినంత తేలికనుకున్నావా?"

అటుపక్క మిక్సీ చూస్తున్న ఇద్దరు అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. షోయబ్ నేల చూపులు చూశాడు. ధనమ్మ గోడ పట్టుకుని లేచి, గుమ్మం దగ్గరకు వెళ్ళి, బిల్లు అయ్యేదాకా రోడ్డు వైపు తిరిగి నిలబడింది. అన్నవెంటనే నతానియేలుకు లోపల కలుక్కుమంది. లేదని నేననను. కానీ వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు. పెద్దదే కొన్నాడు.

ఆదివారం కొత్త టీవీకి ప్రతిష్ఠ ప్రార్థన అయింది. ప్లగ్గు పాయింటు ఎదురు గోడకు కుడి చివర ఉంది గనక టీవీని అక్కడే బిగించారు. కుడివైపు కుర్చీల్లో మగవాళ్ళు, ఎడమవైపు చాపల మీద ఆడవాళ్ళు, మరీ ఎడమగా గోడకు చేరగిలబడి ముసలమ్మలు. మొదటి నుంచీ ఆ చర్చిలో కూర్చునే తీరు అంతే. ఇది తెలియనివాడేం కాదు నతానియేలు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాడు.

పాట మొదలైంది. మగవాళ్ళు హుషారుగా ఎత్తుకున్నారు. చరణంలోకి వెళ్ళేసరికి ఎడమవైపు నుంచి గొంతు లేదు. నతానియేలు తిరిగి చూశాడు. ముసలమ్మలు మెడలు సాచి, కళ్ళు చికిలించి, ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. స్త్రీల సమాజం పెద్ద కృపాకుమారి లేచి నిలబడింది.

"అయ్యగారూ, మాకేం కనపట్టంలేదండీ. తెల్లగా ఉంది."

టీవీని ఇటు వంచి చూశారు, అటు వంచి చూశారు. అటు కనపడితే ఇటు పోయింది. పాట ఆగింది. అందరూ నతానియేలు వైపు తిరిగారు. ఒంట్లో రక్తమంతా ఆయన మొహంలోకి వచ్చినట్టయింది. షాపులో ఆ గోడ వారన కూర్చుని ధనమ్మ చూసింది ఇదే. తను ఒక్కసారి వంగి చూసి ఉంటే సరిపోయేది.

అంతలో చాప మీద నుంచి ధనమ్మ లేచింది.

"తప్పు నాదేనండీ అయ్యగారూ. ఈయన చిన్నదే మంచిదన్నారు. పెద్దదైతే బాగుంటదని నేనే పట్టుబట్టాను."

"అయ్యో, మా తరఫున పంపితే ఇదా వదినా నువ్వు చేసింది!" అని కృపాకుమారి అనేసింది. మిగతావాళ్ళూ తలో మాట అన్నారు. నతానియేలు 'కాదు' అనాలనుకున్నాడు, అనలేదు. తన కాలి బొటనవేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంత బతుకూ బతికి భార్య కొంగు చాటున దాక్కున్నానని సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా దాక్కునే ఉన్నాడు, చూడండి!

బిగించిన టీవీని వెనక్కి తీసుకునేది లేదన్నారు షాపువాళ్ళు. పై ఆదివారం గుమ్మంలో బియ్యం బుట్ట ధనమ్మ చేతిలో లేదు, వేరే ఆవిడ పట్టుకుంది. ధనమ్మ తను తెచ్చిన పిడికెడు అందులో పోసి, లోపలికి వెళ్ళి కూర్చుంది. అది చూశాక నతానియేలుకు ముద్ద దిగలేదు.

బుధవారం సాయంత్రం కృపాకుమారి ఇంట్లో ప్రార్థన కూడిక. సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. ఎప్పుడు లేచినా మోటార్లు, రొయ్యల చెరువులు, దేవుడు తనను కాపాడిన సంగతులు చెబుతాడు. ఆ రోజు అవేవీ ఎత్తలేదు.

"ధనమ్మ తప్పేం లేదు. అది చెప్పింది. ఈ టీవీ పక్కల నుంచి కనపడదని షాపులో నాకు చెప్పింది. నేనే వినలేదు. వినకపోగా..." ఏదీ దాచకూడదని, నోర్ముయ్ అన్న మాట, బియ్యం మాట, ఆ అమ్మాయిలు నవ్విన సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"స్తోత్రం!" అన్నారు సుందరరాజు గారు. "ఎంత తగ్గింపు, ఎంత వినయం!" అని మగవాళ్ళు మెచ్చుకున్నారు. కృపాకుమారి గబగబా వచ్చి ధనమ్మ చెయ్యి పట్టుకుని, "అందరి ముందూ అంత మాటన్నాడా వదినా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆడవాళ్ళంతా జాలిగా చూస్తుంటే ధనమ్మ కొంగు తల మీదికి లాక్కుని మొహం దించుకుంది.

ఇంటికి నడిచేటప్పుడు నతానియేలుకు ఒళ్ళు తేలికైంది. "పదిరోజుల బరువు దిగిపోయింది ధనమ్మా. రేపట్నుంచి నిన్నెవరూ ఒక్క మాట అనరు" అన్నాడు, ఏదైనా మంచి మాట వస్తుందేమోనని.

ధనమ్మ ఆగింది. అప్పటిదాకా ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తని మనిషి.

"ఆ షాపులో విన్నది ముగ్గురు. వాళ్ళెవరో నాకు తెలీదు, మళ్ళీ కనపడరు. ఆ మాటని అక్కడే వదిలేద్దామనే చర్చిలో అబద్ధమాడానండీ. టీవీ బాగా కొనలేదంటే నాకేం సిగ్గులేదు. మొగుడు నలుగుర్లో నోర్ముయ్యమన్నాడంటేనే సిగ్గు. అది మీరివాళ మనవాళ్ళందరికీ వినిపించారు."

"అది కాదు ధనమ్మా..." అన్నాడు నతానియేలు.

"మీ బరువు దిగింది కదా, పదండి. చీకటి పడుతోంది" అని ఆవిడ ముందుకు నడిచింది.