నడిమి దొంగ పక్కన చిన్న చుక్క

మా ఇంట్లో భయపడే పని నాది. మిగతా పనులు ఎవరికి వీలైనవి వాళ్లు చేసుకుంటాం గానీ, ఇది మాత్రం పెళ్లైన నాటి నుంచి నా ఒక్కదానిదే. గ్యాసు కట్టేశామా లేదా, చెప్పుల్లో తేలు దూరిందా, వెనక గోడ దగ్గర కదిలింది కుక్కా ఎలుగుబంటా, అన్నీ నేనే చూసి రావాలి. మా ఆయన మంచం దిగడు. "భయం నీకు గద, నువ్వే చూసి రా" అంటాడు. ఆయన ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. ఇల్లంత ఎత్తు బండెక్కి బొగ్గు గుంత అంచు వెంట తిరిగొచ్చే మనిషికి తేళ్లూ ఎలుగులూ లెక్కలోకి రావు. ఆ ధైర్యం పక్కన ఉందన్న ధీమాతోనే నేను అన్నేళ్లు హాయిగా భయపడ్డాను.

పినపాక దాటాక, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఇల్లు. నేను పక్క ఊరి బడిలో సైన్సు చెబుతాను. ఒక వేసవి సెలవుల్లో చిన్న టెలిస్కోపు కొన్నాను. మూరెడు గొట్టం, మూడు కాళ్లు, కన్ను ఆనించే చోట బొటనవేలంత అద్దం. బడి పిల్లల కోసమని అందరికీ చెప్పాను. నిజానికి నా కోసమే కొనుక్కున్నాను. చిన్నప్పటి నుంచి నాకు భయం వేయని చోటు ఆకాశం ఒక్కటే, అది మీద పడదు కాబట్టి.

పొద్దు గూకగానే డాబా మీద నీళ్లు చల్లేవాళ్లం. పగలంతా కాగిన సిమెంటు బుస్సుమనేది. రోజంతా పేరుకున్న బొగ్గు దుమ్ము కరిగి తూము నుంచి నల్లటి నీళ్లు కారేవి. నవారు మంచం పైకెక్కించి, అత్తమ్మను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, అన్నాలు అక్కడే తినేవాళ్లం. పొద్దుటి షిఫ్టు నడిచే వారాల్లో ఆయన కూడా ఉండేవాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు తల కింద పెట్టుకుని, నేను చెప్పేదానికల్లా ఊ కొట్టేవాడు.

టెలిస్కోపును అత్తమ్మ దుర్బీను అనేది. నేను సప్తర్షులంటే ఆమె ఒప్పుకోలేదు. "రుషులేంది బిడ్డా, అది ముసలమ్మ మంచం. నాలుగు కోళ్లు కనపడ్తలెవ్వా? ఎనుకున్న మూడు చుక్కలు దొంగలు. ముసలమ్మ పండుకున్నంక మంచం గుంజుకపోదామని జూస్తరు. నడిమి దొంగ పక్కపొంటి సన్నచుక్క ఒకటుంటది. గదే అరుంధతి."

అరుంధతి పేరెత్తగానే మా ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మా పెళ్లి ఎండాకాలంలో, పట్టపగలు జరిగింది. తలంబ్రాలయ్యాక అయ్యగారు మమ్మల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, మండే ఆకాశంలోకి వేలు చూపించి, "అరుంధతి కనపడ్డదా?" అని అడిగారు. కళ్లు తెరవడమే కష్టంగా ఉంది. "కనపడ్డది" అన్నాడు ఆయన. "కనపడ్డది" అన్నాను నేను. మాదనే కాదు, నేను చూసిన ప్రతి పెళ్లిలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. కనపడలేదన్న పెళ్లికొడుకును ఇంతవరకు చూడలేదు. అలా అంటే అయ్యగారు మిగతా తంతు ఆపేస్తారేమో తెలియదు.

ఇన్నేళ్లకైనా ఆ చుక్కను నిజంగా చూద్దామని గొట్టం అటు తిప్పాను. నడిమి దొంగ అద్దంలోకి వచ్చాక కన్ను నులుముకుని మళ్లీ చూశాను. ఆ దొంగే నా సప్తర్షుల్లో వశిష్ఠుడు; ఒక్క చుక్క అనుకున్న వశిష్ఠుడే రెండుగా విడిపోయి ఉన్నాడు. వాటికి కాస్త ఎడంగా, ఎవరి మీదో అలిగినట్టు, అరుంధతి. మొత్తం మూడు. ఆయన్ని పిలిచి చూపించాను. వంగి చూసి, "కనపడ్డది. మస్తుగున్నది" అని మళ్లీ వెళ్లి పడుకున్నాడు.

"ఉట్టి కండ్లకు కనపడ్తదారా నీకు?" అని అత్తమ్మ కొడుకును అడిగింది.

"అవ్, కనపడ్తది."

"మంచిదే. అరుంధతి కనపడనోళ్లు ఆర్నెల్లల్ల పోతరంటరు. నాకు కండ్లల్ల పువ్వులొచ్చినప్పటి సంది కనపడ్తలేదు. ఏండ్లు గడిచె, నేనింక పోకనేపోతి!" అని బోసినోటితో నవ్వింది. నేనూ నవ్వాను. సైన్సు టీచర్ని కదా, అలాంటి మాటలు విని నవ్వడం నా ఉద్యోగంలో భాగం.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం అడవి వైపు నుంచి గాలిదుమారం లేచింది. దుమ్మూ దుబ్బా పడకుండా గొట్టానికి మూత పెట్టి, టెలిస్కోపును కదపకుండా చీర చెంగు కప్పి నిలబడ్డాను. గాలి తగ్గాక ఆకాశం కడిగినట్టు తేటపడింది. ఆ సంబరంలో, "ఏమయ్యా, జల్దీ రా, ఇయ్యాల ఎంత సక్కగున్నయో చూడు" అని పిలిచాను. ఆయన వచ్చాడు, వంగాడు, ఒక కన్ను మూసుకుని కాసేపు చూశాడు.

"కనపడ్డదా?"

"కనపడ్డది. మస్తుగున్నది."

ఆయన లేచాక నేను కన్ను ఆనించాను. నల్లగా ఉంది. అటూ ఇటూ తిప్పాను, అయినా నల్లగానే ఉంది. చెయ్యి చాపి గొట్టం కొస తడిమితే మూత వేలికి తగిలింది. ముందు నవ్వొచ్చింది. నన్ను ఊరుకోబెట్టడానికి పెళ్లినాటి జవాబే ఇన్ని రోజులూ చెబుతున్నాడని అర్థమైంది. తిడదామని వెనక్కి తిరిగాను. ఆయన మంచం దగ్గరికి వెళుతున్నాడు. నడుస్తూ చెయ్యి కొంచెం ముందుకు చాపి, మంచం పట్టె తగిలాక ఆగి కూర్చున్నాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మెట్లు దిగేటప్పుడు, "నువ్వు ముందల నడువు, టార్చి నీ చేతిలున్నది గద" అనేవాడు. చీకటి పడ్డాక మోటారు సైకిలు తీయడం మానేశాడు, అడిగితే అడవి పందులు అడ్డమొస్తాయన్నాడు. పక్కింటి పెళ్లి ఊరేగింపులో లైట్లు వెనకబడగానే నా భుజం మీద చెయ్యేశాడు. పదిమందిలో ఈయనకీ సరసమేమిటని నేను సిగ్గుపడ్డాను కూడా. రేచీకటి అనే మాట బడిలో ఎ విటమిన్ పాఠంలో ఏటేటా చెబుతాను. ఆ మాట మా ఇంట్లోకి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. వాటన్నిటి అడుగున అత్తమ్మ చెప్పిన ఆర్నెల్ల మాట. అది ఉత్తదని నాకు తెలుసు. సాక్ష్యం పక్క గదిలో గురక పెడుతోంది. అయినా లేచి క్యాలెండరు చూశాను. సోమవారం నుంచి ఆయనకు నైట్ షిఫ్టు.

మరునాడు సాయంత్రం అత్తమ్మ కింద టీవీ ముందు కూర్చున్నాక, నేను డాబా మీద మంచం పక్కన కింద కూర్చున్నాను. టెలిస్కోపు తీయలేదు. ఉత్తరాన ముసలమ్మ మంచం కోళ్లతో సహా స్పష్టంగా ఉంది. దూరాన ఓపెన్‌కాస్టు లైట్ల వెలుగు ఆకాశం అంచుకు తగిలి పసుపు పచ్చగా ఉంది.

"నిన్న దుర్బీనుకు మూతున్నది" అన్నాను.

ఆయన తల కింది చేతులు తీసి లేచి కూర్చున్నాడు.

"ఇంక ఈ ఇంట్ల ఎవ్వరూ ఉత్తగ కనపడ్డదనొద్దు. నిజం చెప్పు. అరుంధతి కనపడ్తదా నీకు?"

వదులైన నవారును గుంజి సర్దసాగాడు. నాకు కోపమొచ్చింది, భయమెక్కువైతే నాకు కోపమే వస్తుంది. గొంతు పెంచి మళ్లీ అడిగాను.

"కనపడ్తలేదు" అన్నాడు.

"వశిష్ఠుడు?"

"ఏదీ కనపడ్తలేదే. సుక్కలే కనపడ్తలెవ్వు. పోయిన ఎండకాలం నుంచి. మొదట్ల బొగ్గు దుబ్బ అనుకున్న, పొగ అనుకున్న. నువ్వేమో దినాం గదిగో గిదిగో అంటవు. నీకు కనపడ్తున్నయంటే దుబ్బ కాదన్నట్టే గద."

తల ఎత్తి పైకి చూశాను. ఆకాశం నిండా చుక్కలు. పక్కన మంచం మీద ఆయన కూడా అటే చూస్తున్నాడు. రెండు ఎండాకాలాలుగా ఆయన మీద పరుచుకున్నది ఉత్త నలుపు. దాని కింద పడుకుని మస్తుగున్నదని నాకు చెప్పాడు. మూత పెట్టినా తీసినా ఆయనకు ఒక్కటే.

"మరి నైట్ డ్యూటీల బండెట్ల నడుపుతున్నవయ్యా?" అన్నాను.

"లైట్లుంటయి గద. లైటు పడ్డకాడ కనపడ్తది. ముందల పోయే బండి ఎనుక ఎర్రలైటు జూసుకుంట పోత."

"ముందల బండి లేకపోతే?"

"తెలిసిన తొవ్వే" అన్నాడు.

నేను ఆ గుంతను చూశాను. ఒకసారి కుటుంబాలను తీసుకెళ్లి చూపించారు. మెట్లు మెట్లుగా కిందికి, అడుగున యంత్రాలు చీమల్లా. ఆ అంచు వెంట నా పెనిమిటి ఒక ఎర్రలైటును నమ్ముకుని తిరుగుతున్నాడు. ఆయన బండి ముందు ఎవరి కొడుకైనా, ఎవరి పెనిమిటైనా నిలబడి ఉంటే?

"సోమారం పోవద్దు. రేపే దవాఖానకు పోదాం."

"పోతే బండి దించుతరు."

"దించనీ!"

"నీకేం తెలుసే. పెండ్లి కాకముందు నుంచి ఆ బండి మీదున్న. ఆఫీసుల ఒక మూలకు కూసోబెట్టి ఛాయ్ తెమ్మంటరు. మొన్న మెడికల్ల గూడ పాసైన. పగటిపూట, లైటు కింద అక్షరాలు చదివిపిచ్చిండ్రు, అన్నీ చదివిన." నా వైపు కాకుండా అడవి వైపు తిరిగి, "నాకూ భయమైతున్నదే. బండెక్కినప్పుడల్లా భయమైతున్నది. నీతో చెప్తే నువ్వింక భయపడ్తవని..." అన్నాడు.

మా ఇంట్లో భయం నా ఒక్కదాని సొత్తు అనుకున్నాను. అదే ఇంట్లో, అదే మంచం మీద, నాకంటే పెద్ద భయాన్ని ఆయన చప్పుడు చేయకుండా మోస్తున్నాడు. నా భయానికి తోడుగా గోడ దగ్గర కుక్కలూ, చెప్పుల్లో తేళ్లూ, రోజూ నా సణుగుడూ ఉండేవి. ఆయన భయానికి ఎవరూ లేరు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. కింద సీరియల్ అయిపోయి అత్తమ్మ పిలిచేదాకా ఏడ్చాం.

ఖమ్మంలో కంటి డాక్టరు మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందన్నారు. పోయింది తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేమన్నారు. డ్రైవింగు మాత్రం ఆ రోజు నుంచే వద్దన్నారు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని పాల్వంచ దాటిందాకా రోడ్డు మీది లారీలను చూస్తూనే ఉన్నాడు. ఆఫీసులో పగటి డ్యూటీ ఇచ్చారు. ఛాయ్ తెమ్మని ఎవరూ అనలేదు, ఆయనే వెళ్లి తెస్తున్నాడట.

ఆ ఎండాకాలం చివర ఒక చిత్రం జరిగింది. నేను మూత తీసి, నిజంగా తీశానని ఆయన వేలితో తడిమించి, గొట్టాన్ని నడిమి దొంగ మీద నిలిపి పిలిచాను. ఆయన వంగి చాలాసేపు కదల్లేదు. "ఏయ్, ఉన్నయే! రెండు దగ్గర దగ్గర, ఒకటి ఎడం!" అని కేక పెట్టాడు. కింద నుంచి అత్తమ్మ ఏమైందిరా అని అరిచింది. గొట్టం వెలుతురును పోగుచేసి ఇస్తుంది కాబట్టి ఉట్టి కళ్లకు అందనిది అందులో అందింది. ఇదివరకు ఎలాగూ కనపడదని ఊరికే కన్ను ఆనించి లేచేవాడట. పెళ్లైన ఇన్నేళ్లకు నా మొగుడు అరుంధతిని చూశాడు. అప్పటి నుంచి అదే మాకు పరీక్ష. చలికాలంలో ఆ చుక్కలు పొద్దుగూకే వేళకు కనపడవు, వేసవి కోసం ఎదురుచూస్తాం. ఎదురుచూస్తాం అన్నాను గానీ, నేను మాత్రం వేసవి రాకూడదనే కోరుకుంటాను.

ఈ ఏడూ వచ్చింది. అడవిలో బీడీల తునికాకు కట్టలు కట్టే రోజులు. మొన్న సాయంత్రం నీళ్లు చల్లి, మంచం వేసి, గొట్టం నిలిపి ముందు నేను చూశాను. రెండు దగ్గర దగ్గర, ఒకటి ఎడం. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వంగోబెట్టాను. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. అద్దం తుడుచుకుని మళ్లీ మొదటి కన్ను.

"కనపడ్డదా?"

మనసులో అయ్యగారిని తలచుకున్నాను. మండే ఎండలో వేలు చూపించినప్పుడు చెప్పిన ఆ జవాబే ఆయన చెప్పాలని, ఆ ఒక్క అబద్ధం చెప్పాలని దండం పెట్టుకున్నాను.

"కనపడ్తలేదే" అన్నాడు ఆయన, అద్దం నుంచి కన్ను తీయకుండా. "మూత తీసినవా?"

మూత నా గుప్పిట్లో ఉంది.

"అయ్యో, మర్చిపోయిన. ఆగు, తీస్త" అన్నాను.