కప్పిపెట్టిన మగ్గం

దేవుణ్ణి నమ్మినవాడు దయ్యాలను కూడా నమ్ముతాడని చాలామంది అనుకుంటారు. నేను ఏనాడూ నమ్మలేదు. పారాయణ గోష్ఠిలో పెరిగినవాణ్ణి. దేహం విడిచిన జీవుడు తన దారిన పోతాడనీ, మన గుమ్మాల్లో తచ్చాడడనీ నాకు నేర్పారు. ఈరోజుకీ నా విశ్వాసం అదే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మాది బెంగళూరు పేటలో తెలుగు నేతగాళ్ళ వీధి. నూలుకు కంట్రోలు వచ్చి చాలా మగ్గాలు ఆగిపోయాయి. ఊరి చివర ఒక బంగళాలో ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే సంస్థ ఉండేది. ఏటా ఒక్కరికి ఫెలోషిప్ ఇచ్చి, ఏడాది పాటు అక్కడే బస, భోజనం ఏర్పాటు చేసి, ఏదైనా ఒక సమస్య మీద పని చేయించేవారు. బి.ఏ. కాగానే నేను దరఖాస్తు పెట్టాను. తిరగ్గొట్టారు. "నీ వ్యాసంలో భక్తి ఉంది, ఆధారం లేదు" అన్నారు అధ్యక్షుడుగారు. ఆయన రిటైరైన పెద్ద అధికారి.

మరుసటి ఏడు మళ్ళీ పెట్టాలని పట్టుపట్టాను. ఈసారి మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, ఆడే మగ్గాలెన్ని, ఆగినవెన్ని అని రాసుకున్నాను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవారు.

"ఏమప్పా, మగ్గాలు ఎంచేదానికి కూడా బి.ఏ. చదవల్లనా?"

"చదవకుండా నువ్వు ఎంచితే ఎవరన్నా విన్నారా మామా?" అనేవాణ్ణి.

వెంకటప్ప తాత ఇంటి ముందు మాత్రం ఆగిపోయాను. మా గోష్ఠికి పెద్ద ఆయనే. నాకు అక్షరాలూ శ్లోకాలూ నేర్పింది ఆయనే. పోయి నాలుగు నెలలయింది. మా వీధిలో నేతగాడు పోతే అతని మగ్గాన్ని పాత చీరతో కప్పేస్తారు. సంవత్సరీకం జరిగేదాకా దాన్ని ముట్టరు, మగ్గమని పేరు పెట్టి కూడా అనరు. ఆయన భార్య నాగమ్మవ్వ గడపలోనే నన్ను ఆపింది.

"లోపలికి వద్దప్పా. ఆయనది కప్పిపెట్టుండాము. ఏడు తిరగనీ, ఆమీద నేనే కూర్చుని నేస్తాను."

తల ఊపి వచ్చేశాను. నా పుస్తకంలో ఆ ఇంటికి ఏమీ రాయలేదు. తప్పు చేస్తున్నాననే తోచలేదు. మావాళ్ళెవరైనా అంతే చేస్తారు.

తాత పద్ధతి ఒకటి చెప్పాలి. పారాయణలో చదివేవాడు ఏదైనా వదిలేస్తే ఆయన నోరు విప్పేవాడు కాదు. వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. ఎక్కడ వదిలామో మనమే పట్టుకోవాలి.

ఇంటర్వ్యూ పొద్దున పదకొండు గంటలకు. గదినిండా ఎండ. అధ్యక్షుడుగారు, ఇద్దరు సభ్యులు, నోట్సు రాసుకునే గుమాస్తా, తలుపు దగ్గర జవాను ఉన్నారు. నేను కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ లేరు. వ్యాసం పైకి చదవమన్నారు. అందులోని లెక్కను నూలు పంచే ఆఫీసుకు పంపుతామని, దాన్ని బట్టే ఏ మగ్గానికి నూలు ఇవ్వాలో తేలుస్తారని ముందే చెప్పారు.

"మా వీధిలో ఆడేవీ ఆగినవీ కలిపి మగ్గాలన్నీ ఇవే" అన్న వాక్యం చదివాను. రెండు దెబ్బలు వినిపించాయి. చెక్క మీద కణుపు తగిలిన చప్పుడు.

"బయట ఎవరికో తొందరగా ఉన్నట్టుంది, చూడు" అన్నారు అధ్యక్షుడుగారు.

జవాను తలుపు తీసి వరండా రెండు వైపులా చూశాడు. "ఎవురూ లేదు సార్."

నాకు ఆ చప్పుడు తలుపు దగ్గర వినిపించలేదు. నా బెంచీ చివర, చెయ్యి చాపితే అందేంత దూరంలో వినిపించింది. అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి అదే వాక్యం మళ్ళీ చదివాను. మళ్ళీ రెండు దెబ్బలు. గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. ఒక సభ్యుడు వంగి బల్ల కిందికి చూశాడు.

అప్పుడు తెలిసింది నేను ఏం వదిలానో.

ఏమీ చెప్పకుండా వ్యాసం చదవడం ముగిస్తే ఆ ఫెలోషిప్ నాకు దక్కవచ్చు. కానీ ఆ లెక్క ఆఫీసుకు చేరాక, సంవత్సరీకం అయి నాగమ్మవ్వ తాత మగ్గం మీద కప్పిన చీర తీసేనాటికి దానికి నూలు ఉండదు. మనసులో దేవుణ్ణి తలచుకుని లేచి నిలబడ్డాను. "అయ్యా, ఈ లెక్క తప్పు. ఇంకొక మగ్గం ఉంది" అన్నాను.

"పోయినేడు ఆధారం లేదు. ఈ ఏడు తెచ్చిన ఆధారాన్ని నువ్వే కాదంటున్నావా?" అన్నారు అధ్యక్షుడుగారు.

మా ఆచారం చెప్పాను. ఆయన నా కాగితాలు తన ముందుకు లాక్కున్నారు.

"అయితే మిగతా వీధుల్లో ఇట్లా కప్పిపెట్టినవి ఎన్ని?"

"తెలియదండీ. అవి ఎంచడానికే ఏడాది అడుగుతున్నాను."

వారం తిరగకుండా ఉత్తరం వచ్చింది. పెట్టె సర్దుకుని బంగళాకు వెళ్ళాను. ఆ ఏడాదంతా పేటలో చీరలు కప్పిన మగ్గాల కోసమే తిరిగాను. కొందరు గడపలోంచే తిట్టారు. అయినా మానలేదు. నాగమ్మవ్వ మగ్గం కూడా నూలు జాబితాలోకి ఎక్కింది.

ఆ బెంచీని తర్వాత చాలాసార్లు పరీక్షించాను. పురుగు లేదు, పగులు లేదు. ఎండకు చెక్క చిట్లిందనుకుంటే రెండుసార్లూ అదే వాక్యం దగ్గర ఎందుకు చిట్లాలి? నా భ్రమ అనుకుందామా అంటే గదిలో మరో అయిదుగురు విన్నారు.

నన్ను వేధించే ప్రశ్న ఇదొక్కటే. తాత సద్గతి పొందాడని గోష్ఠి అంతా కలిసి ప్రార్థించాం, నేను మనసారా నమ్మాను. ఆయన వెళ్ళిపోయి ఉంటే ఆ గదిలో కొట్టింది ఎవరు? వెళ్ళలేదనడానికి నా నోరు రాదు. విననే లేదనడానికి అసలే రాదు.