నిండుంది అన్నాను

పోయిన గురువారం పొద్దున షెరీఫ్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, మా బేస్‌మెంట్‌లో ఇనప బీరువాలో పడున్న పాత తుపాకిని తీసుకెళ్ళింది. మావారు పోయి ఏడాది దాటింది. ఇల్లు అమ్మేసి అరోరాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. తుపాకిని ఏం చెయ్యాలో తెలియక ఫోన్ చేస్తే, వాళ్ళే వచ్చి తీసుకెళ్తామన్నారు. "ఇటీజ్ ఎంప్టీ" అన్నాను దాన్ని చూపిస్తూ. "ఐ బిలీవ్ యూ, మామ్" అంటూనే ఆ అమ్మాయి గొట్టాన్ని గోడవైపు తిప్పి, మీట నొక్కి, తుపాకిని మధ్యకి మడిచి తెరిచింది. గొట్టంలోంచి కిటికీ వెలుతురు కనిపిస్తోందో లేదో చూసింది. తూటా పెట్టే చోట చిటికెన వేలు పెట్టి తడిమి మరీ చూసుకుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మావారు గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని ఆ అమ్మాయి నా భుజం నిమిరింది. నేనూ కాదనలేదు. కొంతవరకు అది నిజమే.

డెబ్భైల చివర్లో మేం ఈ ఊరొచ్చేటప్పటికి, చుట్టుపక్కల ముప్ఫై మైళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. ఇక్కడి చిన్న ఆసుపత్రిలో మావారు డాక్టరు. ఇంటి వెనక అరెకరం నేల ఉంటే, గోంగూర, చిక్కుడు, సొర పెట్టాను. దేవుడి దయవల్ల ఏది వేసినా మొలిచేది. మొలిచినదాన్నల్లా గ్రౌండ్‌హాగ్ తినేసేది. చూడ్డానికి పందికొక్కుకి మేనమామలా ఉంటుంది. కంచె వేస్తే కింద నుంచి తవ్వేది, గిన్నెలు వాయిస్తే రెండు కాళ్ళ మీద నిలబడి వినేది. నేను చిక్కుడు పాదు దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకుంటే, అది అవతల కూర్చుని ఆకులు నమిలేది. ఆమెన్ అనడమొక్కటే తక్కువ.

అందుకని మావారు పక్క పొలం ముసలాయన దగ్గర ఆ తుపాకి కొన్నారు. ఒకసారి ఒకే తూటా పట్టే రకం, చవకది. ఆయన తండ్రి వాడినదట. కర్ర భాగం చీలితే నల్ల టేపు చుట్టారు. అమ్మేముందు ముసలాయన మా ఇద్దరి తుపాకి లైసెన్సు కార్డులూ అడిగి చూశాడు. ఊళ్ళో తుపాకులు బాగుచేసే ఆయనకి చూపించి, గొట్టంలో సొట్టలు లేవనీ, మడత బిగువుగా ఉందనీ అనిపించుకున్నాకే మాకిచ్చాడు. మావారికి తీరికెక్కడిది? రెండు శనివారాలు ఆయన దగ్గర నేర్చుకున్నది నేనే. చీర కొంగు బిగించి, చెవుల్లో దూది పెట్టుకుని నిలబడితే, ముసలాయన నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కునేవాడు. నేర్పింది మటుకు చర్చిలో పాఠం చెప్పినంత శ్రద్ధగా నేర్పాడు. గొట్టం ఎప్పుడూ మనిషివైపు తిరగకూడదు. తూటా జేబులో ఉండాలి, కాల్చబోయే ముందే తుపాకిలోకి వెళ్ళాలి. అన్నిటికీ మించి, తుపాకి చేతికందగానే తెరిచి చూడాలి. "నేను ఖాళీ అని చెప్పినా సరే, నమ్మకమ్మా. నీ కన్నుతో నువ్వు చూడు" అనేవాడు. తానిచ్చిన తుపాకిని నేను తెరవకుండా పట్టుకుంటే మళ్ళీ లాక్కునేవాడు.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. నేను బడికెళ్ళలేదు. పాస్టరైన మా నాన్న దగ్గర, కాకినాడలో వంటింటి గుమ్మం మీద కూర్చుని నేర్చుకున్న చదువే నాది. మా ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరూ అనేవాళ్ళు కాదు, నిండుకున్నాయనేవాళ్ళం. ఊళ్ళో అందరూ అపశకునమని అలా అంటారు. నాన్న మాత్రం వేరే అర్థం చెప్పేవాడు: "దేవుడిచ్చింది ఎప్పటికీ అయిపోదమ్మా, ఆ మాట అనడం కృతజ్ఞత లేకపోవడం." అలవాటు ఎక్కడికి పోతుంది? ఒకసారి మావారితో తూటాలు నిండుకున్నాయన్నాను. ఆయన పడీ పడీ నవ్వి, అరోరాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారు: "మీ వదిన బియ్యానికిచ్చే మర్యాదే తూటాలకీ ఇస్తోందిరా!" మరిదికి ఆ మాట తెగ నచ్చింది. ఎప్పుడొచ్చినా, "వదినా, కాఫీ నిండుకుందా, ఇంకా ఉందా?" అనేవాడు.

ఆ ఆగస్టులో మరిది వచ్చిన ఆదివారం, చర్చి నుంచి వచ్చాక పెరట్లో గ్రౌండ్‌హాగ్ కనిపించింది. తుపాకి తెచ్చి, తూటా పెట్టి, గొట్టం నేలవైపు ఉంచి నిలబడ్డాను. అది బొరియలో దూరిపోయింది. తూటా తియ్యడానికి మీట మీద వేలు పెట్టేలోపు వెనక నుంచి మరిది వచ్చాడు.

"ఇలా ఇవ్వు వదినా, కౌబాయ్‌లా ఉన్నానో లేదో చూడు!"

"ఆగవయ్యా, నిండుంది!" అన్నాను.

అన్నాను. నా చెవులతో నేను విన్నాను. అతను నవ్వుతూ లాక్కున్నాడు. తెరవలేదు, చూడలేదు. పైనున్న సుత్తిలాంటి ముక్కని బొటనవేలితో వెనక్కి లాగి, నడుం దగ్గర పెట్టుకుని, ఇంటివైపు తిరిగి ట్రిగ్గర్ నొక్కాడు. వెనక మెట్ల మీద మావారు కాఫీ తాగుతున్నారు. తూటాలోని ఆవాలంత సీసపు గుళ్ళు కొన్ని ఆయన కుడి మడమలోకి వెళ్ళాయి, మిగతావి మెట్లలోకి. కప్పు పగల్లేదు. అది ఎందుకు గుర్తుందో తెలీదు గానీ, గడ్డిలో నిటారుగా పడి ఉంది.

ఆసుపత్రికి షెరీఫ్ ఆఫీసు మనిషి వచ్చి ఏమైందని అడిగాడు. మరిది గోడకానుకుని నిలబడ్డాడు. "నిండుకుందనే విన్నాను అన్నయ్యా, ఒట్టు" అన్నాడు తెలుగులో. అతని గ్రీన్‌కార్డు పేపర్లు అప్పుడింకా పెండింగ్‌లో ఉన్నాయి. తండ్రి పోయాక మావారు కొడుకులా పెంచిన తమ్ముడు. మావారు నావైపొకసారి చూశారు. తర్వాత ఇంగ్లీషులో, మా భాషలో ఒక మాట ఉందనీ, ఖాళీ అయితే నిండిందంటామనీ, నా భార్య ఆ మాటే అందనీ చెప్పారు. పరువుగల డాక్టరు మాట. వచ్చినాయన పాపం అన్నట్టు నన్ను చూసి, భాష పొరపాటని రాసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీదున్న మావారికి నా మాట వినపడి ఉండదు. కానీ నేను తుపాకి ఎలా నేర్చుకున్నానో ఆయనకి తెలుసు.

"నేను నిండుంది అన్నానండీ" అన్నాను ఆ సాయంత్రం, ఆయన మంచం పక్కన.

"కాలుంది కదా. దేవుడికి స్తోత్రం చెప్పు. వాడి బతుకు పాడు చెయ్యకు" అన్నారు కళ్ళు మూసుకుని.

స్తోత్రం చెప్పాను. మనసారా చెప్పాను. కాలు తీసెయ్యాలేమోనని భయపడ్డ డాక్టర్లే తియ్యక్కర్లేదన్నారు. అంత పెద్దది ఇచ్చిన దేవుణ్ణి, నా ఒక్క మాట కూడా నాకిప్పించమని అడగడం అత్యాశ అనిపించింది. ముసలాయన ఒక్కడే చూడ్డానికొచ్చి, "నువ్వు కాదు కదూ? నువ్వు తెరిచి చూసేదానివి" అన్నాడు. తలూపాను. మావారు ఆ కాలితోనే దాదాపు నలభయ్యేళ్ళు కుంటుతూ నడిచారు. చలికాలం రాత్రుళ్ళు నూనె రాసేటప్పుడల్లా, ఆయనే ఒకసారి అంటారేమోనని చూసేదాన్ని. ఆయన నూనె బాగా కాగలేదనేవారు.

ఇక తెలుగువాళ్ళు పెరిగాక ఆ కథకి కాళ్ళొచ్చాయి. పుట్టినరోజుల్లో, చర్చి భోజనాల్లో, షామ్‌బర్గ్‌లో పెళ్ళిళ్ళలో మరిదే చెప్పేవాడు, నేను పప్పు వడ్డిస్తుంటే. "ఒక్క 'కు' ఎక్స్‌ట్రా పెట్టి మా అన్నయ్య కాలు తీసేసేది మా వదిన!" అందరూ నవ్వేవారు. పిల్లలు నా చుట్టూ చేరి, "ఆంటీ, డిడ్ యూ రియల్లీ సే దట్?" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. అలా నవ్వీ నవ్వీ, ఒక్కోసారి ఆ 'కు' నిజంగా నా నోట వచ్చిందేమోనని నాకే అనుమానం వచ్చేది. నన్ను అన్నిటికన్నా కోసింది అదే. మా నాన్న నాకు కృతజ్ఞత కోసం నేర్పిన మాటని, నా నోట్లోంచి తీసి, నా మీదే పెట్టారు.

గురువారం సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "గన్ ఇచ్చేశావా వదినా? నిండుకుందని చెప్పావా, లేదా?" అని నవ్వాడు.

"ఎంప్టీ అని చెప్పాను. అయినా ఆ అమ్మాయి తెరిచి చూసుకుంది" అన్నాను. తర్వాత, "ఆ రోజు నేను నిండుంది అన్నానయ్యా" అన్నాను.



"తెలుసు వదినా" అన్నాడు. "అన్నయ్యకీ తెలుసు. ఆసుపత్రిలోనే నిజం చెప్పాను. ఇప్పుడెందుకులే అవన్నీ?"

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి, అలవాటు కొద్దీ స్తోత్రం చెప్పబోయాను. దేనికో తెలియలేదు. గొట్టంలోంచి వెలుతురు చూడ్డానికి ఒక్క క్షణం చాలు; ఆ ఒక్క క్షణం ఎవరూ ఇవ్వనందుకు, నా మాట నాకు తిరిగి రావడానికి నలభయ్యేళ్ళు పట్టింది.