అంబాసిడర్ నడిచింది, బావకు మెడ నొప్పి వచ్చింది

మా అమ్మాయి మేరీ బాగుచేసిన అంబాసిడర్ ఈ రోజు నడిచిందండీ! మా మావగారి కారు అది. కళింగపట్నం ఉప్పుగాలికి తుప్పుపట్టి మా వాకిట్లో ఏళ్ళ తరబడి పడి ఉంది. ఎచ్చెర్లలో పాఠాలు చెప్పే మేరీ మూడేళ్ళుగా సెలవులన్నీ దాని కిందే గడిపింది. పక్కింటి నూకాలమ్మేమో దాని బానెట్టు మీద చేపలు ఎండబెట్టుకునేది.

ఈ పొద్దున మేరీ తాళం తిప్పగానే కారు నాలుగుసార్లు దగ్గి, చేపలతో సహా కదిలింది.

"ఓలమ్మో, నా సేపలు ఎల్లిపోతన్నాయే!" అంటూ నూకాలమ్మ వెనకాలే పరుగెత్తింది.

అరుగు మీదున్న మా బావ నోరెళ్ళబెట్టాడు. "ఈ డొక్కు నడిస్తే సేపల గంప నెత్తినెట్టుకుని సర్చికొస్తాను" అని పోయిన క్రిస్మస్‌కి అందరి ముందూ అన్నది ఆయనే.

"ఏటి బావా, గంప సిన్నదా, పెద్దదా?" అన్నాను.

"గుమ్మం దాకా దొర్లితే నడిసినట్టేటిరా?" అన్నాడు.

మేరీ అదే కారులో చర్చి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అప్పటికే బావకు మెడ నొప్పి మొదలైంది!

మీ ఇళ్ళలోనూ ఇలాంటి బావలుంటే రాయండి. ఆదివారం మాత్రం ఎవరూ చర్చి మానకండి. ఈ కబురు తప్పక అందాల్సినవాళ్ళు: ఆడపిల్లకి స్పానర్లెందుకన్న కొత్తవలస పెద్దమ్మ, ఇనప సామాన్లకి అమ్మేయమన్న తమ్ముడు, నవ్విన మరదళ్ళు ముగ్గురూ. బావ భార్య అయిన మా అక్కకి చెప్పనక్కర్లేదు. గంప కడిగి ఆరబెట్టింది ఆవిడే.