నిన్న గడిలో నా కాలు

ఆ రోజుల్లో నాకు అబద్ధమాడాలని ఏం ఉండకపోయేది. నా మాట నా పని కంటే జర ముందు నడిచేది, అంతే. పొయ్యి ముట్టించక ముందే "వంటయింది" అనేదాన్ని. మా ఊరు ఎంకపల్లిలో ఇంకా చెప్పులు తొడుక్కుంటనే "మొయినాబాద్ వచ్చిన" అని ఫోన్‌లో చెప్పేదాన్ని. (మీరూ చెప్తరు, నాకు తెలుసు.) నలభై అయిదేండ్లకు నేను మొదటిసారి జీతానికి కుదిరింది మొయినాబాద్‌లో ఒక మేడమ్ ఇంట్లో, వంటకు. ఆమె తన ఇద్దరు ఆడపిల్లలను బడికి పంపక ఇంట్లోనే చదివించేది. పొద్దున ప్రార్థన, తర్వాత పాఠం. ఉల్లిగడ్డలు కోసుకుంట నేను చెవి అటే పెడుతున్నానని చూసి, నాకూ ఒక పలక ఇచ్చింది.

పని ఎప్పటిదో దాన్ని బట్టి మాట చివర ఎట్ల మారుతదో నేర్పడానికి ఆమె హాల్‌లో చాక్‌పీసుతో మూడు గళ్లు గీసింది: నిన్న, ఇయ్యాల, రేపు. పిల్లలు ఏ గడిలోకి దూకితే మాట ఆ గడికి తగ్గట్టు ఉండాలె. "నిన్న" గడిలో కాలు పెట్టాలంటే మాత్రం ఆ పని నిజంగ అయిపోయి ఉండాలె, చూసిన సాక్షి కూడ ఉండాలె. చిన్నపాప "నేను పళ్లు తోముకున్నాను" అని దూకితే, పెద్దపాప "ఎవరు చూసిన్రు? బయటికి రా" అనేది. అయిదేండ్ల పిల్ల బ్రష్ పట్టుకొని ఉరికేది, తోముకొని వచ్చి మళ్లీ దూకేది. గొంతు పెంచకుండ, చెయ్యెత్తకుండ ఒక తల్లి మాటతో పాటు నిజాయితీ కూడ నేర్పుతుంటే, నా చేతిలో కత్తి ఆగిపోయేది.

మా ఊర్లో ఆడవాళ్ల ప్రార్థన కూటం వారానికి ఒక ఇంట్లో. ఎవరింట్లో అయితే వాళ్లే కీర్తన చదవాలె. నా వంతు వచ్చినప్పుడల్లా పక్కింటి వదినతో చదివించేదాన్ని. ఈసారి అందరి ముందు "చదువు నేర్చుకున్న, శుక్రవారం నేనే చదువుత" అని చెప్పేసిన. అప్పటికి నేను ఒత్తుల దగ్గరనే ఉన్న.

ఆ గొప్పలే మేడమ్‌కు కూడ చెప్తుంటే చిన్నపాప విన్నది. "అయితే గడిలోకి రా పెద్దమ్మా. సాక్షులం మేమే" అని బైబిల్ చేతికిచ్చింది. తెరిచి, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన కీర్తనను వేలు నడిపించుకుంట గడగడ చదివిన. పెద్దపాప తొంగి చూసి, "పెద్దమ్మా, ఇక్కడ అన్నీ మనుషుల పేర్లే ఉన్నయి కదా?" అన్నది. (ఫలానా ఆయన కొడుకు ఫలానా ఆయన, పేజీ నిండ!) చిన్నపాప నా చెయ్యి పట్టుకొని "రేపు" గడిలో నిలబెట్టింది. మేడమ్ నవ్వలే. నాకు రాని కీర్తన ఒకటి వెతికి పెట్టింది, రెండే వచనాలు. "శుక్రవారం దాకా టైమున్నది కదమ్మా" అన్నది. ఆ నాలుగు రోజులు పప్పు రెండుసార్లు మాడింది. మేడమ్ ఆ మాడిందే తిన్నది.

శుక్రవారం మా ఇంట్లో చాప మీద పదిమంది ఆడవాళ్లు. మొదటి వచనం ఎట్లనో దాటిన. రెండో దాంట్లో ఒక ఒత్తు దగ్గర ఇరుక్కున్న. వదిన ఉండబట్టలేక మాట అందియ్యబోతే, "ఆగు వదినా, నేనే చెప్త" అన్న. ఆ ఒత్తు మీద వేలు పెట్టి మూడుసార్లు కూడబలుక్కున్న. చెప్పిన. "ఇంత చిన్న కీర్తనకు పాస్టర్ గారి ప్రసంగమంత సేపు చేసినవ్, చాయ్ చల్లారిపాయె!" అన్నది వదిన, కండ్లు తుడుచుకుంట.

ఇప్పుడు పేజీలకు పేజీలు చదువుత. ఒక్కోసారి పేజీ అయిపోతది గని ఏం చదివిన్నో గుర్తుండదు. అప్పుడు ఆ చాప మీద, ఒక్కో ఒత్తును దండం పెట్టి దాటినట్టు దాటిన ఆమె, అంటే అప్పటి నేనే, మతికొస్తది. నవ్వొస్తది, ఆమె మీద జర కుళ్లు కూడ పుడతది.